ఇంటికొచ్చి నేర్పే పప్పీ ట్రైనర్: ఐదు విజిట్లు పూర్తయ్యాక నా రివ్యూ

మా కుక్కపిల్ల చుక్కి ఇంటికి వచ్చిన రోజుకి దానికి 8 వారాలు. గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లటి చుక్క. పేరు పెట్టింది మా అబ్బాయి. మొదటి టీకా అంతకు వారం ముందే పడింది. మిగతావి 16 వారాల దాకా మూడేసి వారాలకొకటి పడాలి. ట్రైనింగ్ క్లాసులో చేర్పిద్దామని ఒకచోట అడిగితే, టీకాలన్నీ పూర్తయ్యాకే తీసుకురమ్మన్నారు. మరి ఈ రెండు నెలలు ఇంట్లో ఏం చెయ్యమంటారు అని అడిగాను. "ఏమీ చెయ్యక్కర్లేదు, పెద్దయ్యాక అన్నీ అదే నేర్చుకుంటుంది" అన్నారు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. మా పుట్టింట్లో ఒక కుక్క ఉండేది. జబ్బు చేస్తుందన్న భయంతో ఆరు నెలలు వచ్చేదాకా దాన్ని గడప దాటనివ్వలేదు, ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. తర్వాత అది పన్నెండేళ్లు బతికింది. ఆ పన్నెండేళ్లూ గొడుగు కనిపిస్తే మంచం కింద దూరేది. కొత్తవాళ్లు వస్తే వెనక గదిలో కట్టేయాల్సి వచ్చేది. ప్రేమగా చూసుకోవడంలో ఏ లోటూ చెయ్యలేదు, కానీ దాని భయం మాత్రం పోగొట్టలేకపోయాం. చుక్కికి ఆ బతుకు వద్దనుకుని ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్‌ని పెట్టుకున్నాను. ఆరు వారాల్లో ఐదు విజిట్లు, ఒక్కోటి గంటా పది నిమిషాలు, మధ్యలో మనం వీడియోలు పంపితే చూసి సలహా చెప్పడం, ఇదీ ప్యాకేజీ. ఇంట్లో చిన్న కుక్కపిల్లని పెట్టుకుని నాలాగే టెన్షన్ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఇంత తొందర ఎందుకో ముందు చెప్పాలి. కుక్కపిల్లకి సుమారు 3 వారాల వయసు నుంచి 12, 14 వారాల దాకా ఒక కీలకమైన కాలం. ఆ రోజుల్లో ఏ మనుషుల్ని, ఏ చప్పుళ్లని, ఏ వస్తువుల్ని హాయిగా చూసిందో అవన్నీ దాని లెక్కలో మామూలు విషయాలైపోతాయి. ఆ గడువు దాటాక కొత్తది ఏది ఎదురైనా ముందు అనుమానమే పుడుతుంది. అందులో మొదటి ఐదు వారాలు తల్లి దగ్గరే గడిచిపోతాయి. చుక్కి మా చేతికి వచ్చేసరికి ఇక మిగిలింది నాలుగు నుంచి ఆరు వారాలు. క్లాసువాళ్లు ఆగమన్నది సరిగ్గా ఆ వారాల్లోనే.

టీకాలని తేలిగ్గా తీసుకోమని నేను అనను. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు. అందుకే ఒక్క డోసుతో ఆగకుండా 16 వారాల దాకా మళ్లీ మళ్లీ వేస్తారు. మా వెట్ డాక్టర్ స్పష్టంగా హద్దు పెట్టి చెప్పారు: తెలియని కుక్కలు తిరిగే నేల మీద దింపొద్దు, కానీ చేతుల్లో ఎత్తుకుని ఎక్కడికైనా తీసుకెళ్లండి, లోకాన్ని చూడనివ్వండి.

ట్రైనర్లని వెతికేటప్పుడు నేను అందరినీ ఒకటే ప్రశ్న అడిగాను. పిల్ల తప్పు చేస్తే మీరేం చేస్తారు? ఫోన్లో దొరికిన మొదటి మనిషి మెడకి బిగుసుకునే గొలుసు వేసి రెండుసార్లు గట్టిగా లాగితే దారికొస్తుందన్నాడు. ఎనిమిది వారాల పిల్ల గురించి ఆ మాట విన్నాక ఇంకేం మాట్లాడలేదు, పెట్టేశాను. నేను ఎంచుకున్నావిడ ఇలా చెప్పారు: "తప్పు చేసే వీలు లేకుండా ముందే ఏర్పాట్లు చేసుకుంటామండీ. అయినా చేసిందంటే ఏ ఏర్పాటు సరిపోలేదో చూసుకుంటాం." ఆ ఒక్క జవాబుతోనే నాకు నమ్మకం కుదిరింది.

మొదటి విజిట్‌లో ఆవిడ లోపలికి వచ్చి గుమ్మం పక్కనే నేల మీద కూర్చున్నారు. చుక్కి వైపు చూడలేదు, పిలవలేదు, చెయ్యి చాపలేదు. మాతోనే మాట్లాడుతూ ఉన్నారు. చుక్కి ముందు నా కుర్చీ వెనక నుంచి తొంగి చూసింది. తర్వాత మెడ చాచి, వెనక కాళ్లు మాత్రం అక్కడే వదిలేసినట్టు సాగి సాగి ఆవిడ బూటు వాసన చూసింది, మళ్లీ వెనక్కి పరిగెత్తింది. నాలుగోసారికి ఒళ్లో ఎక్కి కూర్చుంది. "చూశారా, రావాలా వద్దా అన్నది దాని ఇష్టానికి వదిలేశాం. ఇక ముందు ఇంటికి ఎవరొచ్చినా ఇలాగే" అన్నారు. అంతకు ముందు రోజే మా ఇంటికి వచ్చిన వాళ్లందరి చేతుల్లోకీ దాన్ని ఒకరి తర్వాత ఒకరికి అందించాం. సోషలైజేషన్, అంటే మనుషులకీ లోకానికీ అలవాటు చెయ్యడం, అదే అనుకున్నాం. అందరూ ముట్టుకోవడం వేరు, అందరి మధ్యా హాయిగా ఉండడం వేరు అని ఆ రోజు తెలిసింది.

తర్వాత ఆవిడ అడిగింది నిద్ర గురించి. చుక్కికి సాయంత్రం ఏడు దాటితే పూనకం వచ్చినట్టు ఉండేది. చీర అంచులు, అబ్బాయి మడమలు, సోఫా మూలలు, ఏది దొరికితే అది కొరికేది. మా అబ్బాయి మంచం మీద నుంచి కాలు కింద పెట్టడానికే జంకేవాడు. మేము అది ఆటలు చాలక అనుకుని ఇంకా ఎక్కువ ఆడించేవాళ్లం. ఆవిడ ఒక కాగితం తీసుకుని, ముందు రోజు పొద్దుట నుంచి చుక్కి ఎప్పుడు పడుకుందో ఎప్పుడు లేచిందో మాతోనే రాయించారు. కూడితే పదకొండు గంటలు వచ్చింది. ఆ వయసు పిల్లకి రోజుకి 18 గంటల దాకా నిద్ర కావాలట. "పసిపిల్లలు నిద్ర చాలక ఏడుస్తారు చూడండి, ఇది కొరుకుతోంది" అన్నారు. గంట మెలకువ, రెండు గంటలు పడక అని ఒక పద్ధతి పెట్టారు. ప్లేపెన్ (చుట్టూ కంచెలా ఉండే చిన్న ఆవరణ) మీద పల్చటి దుప్పటి కప్పి, లోపల పరుపు వేసి, నమలడానికి ఒక రబ్బరు బొమ్మ ఇచ్చి, నేను పక్కనే కూర్చుని నా పని చేసుకోవాలి. మొదటి రెండు రోజులు కుయ్యి కుయ్యిమంది. నేను లేచి వెళ్లిపోకుండా పక్కనే ఉన్నాను. నాలుగో రోజు నుంచి దానంతట అదే లోపలికి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం కొరుకుడు పూర్తిగా పోలేదు కానీ మా అబ్బాయి మళ్లీ నేల మీద కూర్చుని హోంవర్క్ చేసుకోగలిగాడు. ఈ ఒక్క సలహాకే మొత్తం ఫీజు ఇవ్వొచ్చని నా అభిప్రాయం.

అదే రోజు క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం) వాడడం నేర్పారు. పిల్ల మనకి నచ్చిన పని చేసిన క్షణంలో టక్కుమని నొక్కి వెంటనే ట్రీట్ ఇవ్వడం. చెప్పడానికి సులువే. కానీ ఆవిడ చుక్కిని ప్లేపెన్‌లో పడుకోబెట్టి, ముందు మాకు పరీక్ష పెట్టారు. చిన్న బంతి పైనుంచి వదులుతారు, అది నేలకి తగిలిన క్షణంలోనే క్లిక్ చెయ్యాలి. నేను ప్రతిసారీ ఆలస్యం. బంతి తగిలి ఎగిరాక నా క్లిక్ పడేది. మా ఆయన కంగారుపడి ముందే నొక్కేసేవారు. మా అబ్బాయి మాత్రం రెండోసారికే పట్టేశాడు. ఇరవై ముప్పైసార్లు చేశాక మాకూ కుదిరింది. మీ చెయ్యి ఆలస్యమైతే కూర్చున్నందుకు కాకుండా లేచినందుకు ట్రీట్ ఇచ్చినట్టవుతుంది అని ఆవిడ చెప్పింది ఎంత నిజమో, తర్వాత నా వీడియోలు నేనే చూసుకుంటే అర్థమైంది. ఇంకో సంగతి, క్లిక్కర్ చప్పుడుకి మొదట్లో చుక్కి ఉలిక్కిపడింది. దాన్ని ఒక మేజోడులో పెట్టి నొక్కమన్నారు. చప్పుడు మెత్తబడింది, వారంలో మేజోడు అక్కర్లేకుండా పోయింది.

రెండో విజిట్ మొత్తం మనుషులు, వస్తువుల మీదే. మా అత్తయ్యగారికి కుక్కలంటే భయం. చిన్నప్పుడు ఒకసారి కరిచిందట. ట్రైనర్ గారు ఆవిడని దగ్గరికి రమ్మనలేదు. "అమ్మా, మీరు మీ కుర్చీలోనే కూర్చోండి. ఇది మీ వైపు చూసినప్పుడల్లా ఒక్క పలుకు దూరంగా విసరండి చాలు" అని చిన్న గిన్నెలో ట్రీట్లు ఇచ్చారు. దగ్గరికి విసరకుండా దూరంగా విసరడంలో ఉపాయం ఉంది. చుక్కి తినడానికి అవతలికి వెళ్తుంది, ఇద్దరికీ ఊపిరి తీసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అలా రోజుకి రెండు పూటలా ఐదేసి నిమిషాలు. ఎవరూ అత్తయ్యగారిని తొందరపెట్టలేదు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం చూస్తే చుక్కి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. అత్తయ్యగారు కదిలితే లేస్తుందేమోనని నీళ్ల కోసం కూడా లేవకుండా నన్ను సైగ చేసి పిలిచారు. ఆ సైగ నేను మర్చిపోలేను.

ముద్దు చేసేటప్పుడు మూడు సెకన్ల లెక్క కూడా అప్పుడే చెప్పారు. మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. పిల్ల మళ్లీ చేతి దగ్గరికి వస్తే ఇంకో మూడు సెకన్లు. రాకపోతే, తల పక్కకి తిప్పుకుంటే, ఆవలిస్తే, పెదాలు నాక్కుంటే, ఒళ్లు బిగదీసుకుంటే ఇక చాలని అర్థం. అన్నం తిన్నట్టు పెదాలు నాక్కోవడం కూడా భయానికి గుర్తు కావచ్చని నాకు అంతకు ముందు తెలియదు. మా ఇంటికి వచ్చే పిల్లలకి మా అబ్బాయే ఈ లెక్క నేర్పిస్తున్నాడు.

ఇక గొడుగు. నేను ప్రత్యేకంగా అడిగాను, మా పుట్టింటి కుక్క గురించి చెప్పాను. మొదటి రోజు మూసిన గొడుగు నేల మీద పడుకోబెట్టి దాని చుట్టూ ట్రీట్లు చల్లాం. రెండో రోజు సగం తెరిచి పెట్టాం. మూడో రోజు పూర్తిగా తెరిచి, బొమ్మ గుడారంలా పక్కకి వాల్చాం. చుక్కి చుట్టూ తిరిగి లోపలికి తల పెట్టింది. తర్వాత గదికి ఆ చివర నేను నిలబడి మెల్లగా తెరవడం, ఇంకో రోజు కాస్త దగ్గరగా. తొమ్మిదో రోజుకి చుక్కి ముందే టక్కున గొడుగు తెరిచాను. అది నా మొహం వైపు చూసింది, ట్రీట్ ఏదీ అన్నట్టు. నాకు కళ్లు చెమర్చాయి. హెల్మెట్, టోపీ, నల్ల కళ్లద్దాలు, చేతికర్ర, రెయిన్‌కోటు, అన్నిటికీ ఇదే పద్ధతి. కాళ్ల కింద రకరకాల నేలల కోసం అట్టపెట్టె, ప్లాస్టిక్ పట్టా, లోహపు ట్రే, బుడగల కవరు ఒక వరసలో పరిచాం. ట్రే మీద గోళ్ల చప్పుడుకి ఒక్కసారి ఆగింది, అంతే.

మూడో విజిట్ దగ్గర నాకు ఈ సర్వీసు మీద ఫిర్యాదు ఉంది. చప్పుళ్లు అలవాటు చెయ్యడానికి వాళ్లు కొన్ని ఆడియో ఫైళ్లు పంపారు. హారన్లు, పసిపిల్ల ఏడుపు, బాణసంచా, ఉరుములు. మిగతావన్నీ మెల్లగా మొదలై పెరుగుతాయి. ఉరుముల ఫైలు మాత్రం మొదటి సెకనులోనే ఫెళ్లుమంటుంది, పైగా మిగతావాటికన్నా చాలా బిగ్గరగా రికార్డయింది. నేను సౌండ్ తగ్గించే పెట్టాను, అయినా చుక్కి తింటున్న గిన్నె వదిలేసి సోఫా కింద దూరింది. పిలిస్తే రాలేదు. ముక్కు ముందు ట్రీట్ పెట్టినా ముట్టలేదు. అరగంట ఆ సోఫా పక్కన నేల మీద పడుకున్నాను. పుట్టింటి మంచం కింద కళ్లే కనిపించాయి.

వెంటనే మెసేజ్ పెడితే పది నిమిషాల్లో ఫోన్ చేశారు. తప్పు తమదేనని ఒప్పుకున్నారు, ఆ ఫైలు మార్చి పంపారు. రెండు రోజులు ఏ చప్పుడూ వద్దన్నారు. తర్వాత రికార్డింగులు పక్కన పెట్టి ఇంట్లో మిక్సీతో మొదలుపెట్టించారు. వంటింటి తలుపు మూసి మా ఆయన ఒక్క సెకను మిక్సీ తిప్పుతారు. నేను ఆ చివరి గదిలో చుక్కితో ఉంటాను. చప్పుడు వినపడ్డాక ట్రీట్. ఈ వరస చాలా ముఖ్యం. ముందు చప్పుడు, తర్వాత ట్రీట్. అప్పుడు చప్పుడంటే తినడానికి ఏదో వస్తోందని కబురు అవుతుంది. తిరగేసి చేస్తే ట్రీట్ చూసినప్పుడల్లా ఇప్పుడేం భయపెడతారోనని అనుమానం పుట్టొచ్చు. నేను మొదట్లో అలవాటు మీద ట్రీట్ చూపించి మరీ చప్పుడు పెట్టేదాన్ని. వీడియో చూసి ఆవిడే పట్టుకున్నారు. పన్నెండు రోజులకి తలుపు తీసి ఉంచినా చుక్కి మిక్సీ వైపు చెవులు మాత్రం తిప్పి ఊరుకుంది. ఉరుముల ఫైలు, మార్చినది, మళ్లీ పెట్టడానికి మూడు వారాలు ఆగాం. గుసగుసంత సౌండ్‌తో మొదలుపెట్టాం. ఇప్పుడు పర్వాలేదు. అయినా డబ్బు తీసుకుని ఇచ్చే ఫైళ్లు ముందు వాళ్లే ఒకసారి వినాలి కదా. అందుకే ఐదుకి నాలుగే ఇస్తున్నాను.

నాలుగో విజిట్ ఒళ్లు ముట్టుకోనివ్వడం గురించి. చెవి ఎత్తి చూడడం, పాదం పట్టుకుని ఒక్కో గోరు నొక్కడం, పెదవి ఎత్తి పళ్లు చూడడం, తోక కింద చూడడం. ఒక్కో దానికీ ఒక్క సెకను, ఒక్క ట్రీట్. గోళ్లు కత్తిరించే కత్తెరని వారం పాటు పాదానికి తాకించడమే, కత్తిరించలేదు. తర్వాత రోజుకి ఒకే గోరు. ఆసుపత్రికి కూడా ఊరికే తీసుకెళ్లమన్నారు. టీకా లేని రోజు వెళ్లి, చుక్కిని ఒళ్లోనే పెట్టుకుని, బరువు తూచే చోట నాలుగు ట్రీట్లు పెట్టి తిరిగొచ్చాం. అలా రెండుసార్లు. మూడో టీకా రోజు సూది పడిందని కూడా దానికి పట్టలేదు, డాక్టర్ జేబు వాసన చూస్తూ ఉంది.

బయటికి తీసుకెళ్లడం కూడా ఇలాగే. ముందు వైపు వేసుకునే సంచిలో చుక్కిని పెట్టుకుని, వీధి కనిపించే బెంచీ మీద పదిహేను నిమిషాలు కూర్చోవడం. ఎక్కడికీ నడవక్కర్లేదు. సైకిళ్లు, చక్రాల కుర్చీ, పరిగెత్తే పిల్లలు, చెత్త బండి, ఏది వెళ్లినా ముందు దాన్ని చూడనివ్వాలి, తర్వాత ట్రీట్. తినడం మానేసిందంటే మనం మరీ దగ్గరగా ఉన్నామని అర్థం, లేచి దూరం జరగాలి. నాకు ఇది భలే నచ్చింది. పిల్ల భయపడిందో లేదో నోరే చెప్పేస్తుంది.

టాయిలెట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిందే. లేవగానే, తినగానే, ఆడగానే తీసుకెళ్లడం, పని అయిన చోటే ట్రీట్ ఇవ్వడం, ఇంట్లో చేసేస్తే తిట్టకుండా తుడవడం. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే వాసన మూత్రంలాగే ఉండి మళ్లీ అక్కడికే వెళ్తుందని, మూత్రం వాసన పూర్తిగా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడమని చెప్పారు. అది మార్చాక హాల్లో ఆ మూల గొడవ తీరింది.

ఐదో విజిట్ కాస్త నిరాశ. ఆవిడకి వేరే పని పడి నలభై నిమిషాలకే వెళ్లిపోయారు. ఆ రోజు నేర్పాల్సినవి ఒంటరిగా ఉండడం, ఇంట్లో పట్టీ కట్టి నడవడం, "వదిలెయ్" అనే మాట. ముప్పై నిమిషాలు తగ్గినదానికి రెండు రోజుల తర్వాత వీడియో కాల్‌లో గంట మాట్లాడారు కానీ పట్టీ విషయం ఎదురుగా ఉండి చూపిస్తే వేరు. నా చెయ్యి ఎంత బిగువుగా పట్టుకుంటున్నానో ఫోన్లో ఆవిడకి ఎలా తెలుస్తుంది?

"వదిలెయ్" మాత్రం బాగా కుదిరింది. మూసిన గుప్పిట్లో ట్రీట్ పెట్టుకుని చుక్కి ముందు పెడతాం. నాకుతుంది, గీకుతుంది, కొరకబోతుంది. ఏమీ అనకూడదు. విసిగి ముక్కు వెనక్కి తీసిన ఆ క్షణంలో క్లిక్, ఇంకో చేతిలోంచి ట్రీట్. ఐదారుసార్లకే గుప్పిట చూడగానే కూర్చుని నా మొహం చూడడం మొదలుపెట్టింది. తర్వాతే ఆ పనికి మాట తగిలించాం. మొన్న నా చేతిలోంచి ఒక మాత్ర జారి కింద పడితే "వదిలెయ్" అన్నాను. ఆగింది. నేను వంగి తీసుకునేదాకా ఆగింది. ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ, మన మందులు, ఇవన్నీ కుక్కలకి ప్రమాదం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏదో ఒకటి కింద పడుతూనే ఉంటుంది, కాబట్టి మిగతా మాటలన్నిటికన్నా ముందు ఇది నేర్పండి.

ఒంటరిగా ఉండడానికి వాళ్లిచ్చిన ప్రణాళిక మరీ నెమ్మది. ప్లేపెన్ పక్క నుంచి లేచి మళ్లీ కూర్చోవడం, తలుపు దాకా వెళ్లి రావడం, తలుపు అవతల ఐదు సెకన్లు, పది సెకన్లు. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఈ వేగం కుదరదు. నేను ఇంటి నుంచి పని చేస్తాను కాబట్టి నాకు కుదిరింది. ఆరు వారాలకి నలభై నిమిషాల దాకా వచ్చాం. మీ ఇంట్లో పగలు ఎవరూ ఉండకపోతే ఈ విషయం ముందే మాట్లాడుకుని ప్యాకేజీ తీసుకోండి.

ఈ సర్వీసు ఇవ్వలేనిది కూడా ఒకటి ఉంది, ఆవిడే మొదటి రోజు చెప్పారు. వేరే కుక్కపిల్లలు. ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్లకి నొప్పో పిల్లలు ఒకదాన్నుంచి ఒకటి ఆటల్లో నేర్చుకుంటాయి, మనం ఎంత ప్రయత్నించినా ఆ పాఠం పూర్తిగా చెప్పలేం. టీకాలన్నీ వేసిన, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్క మాకు తెలిసినవాళ్ల దగ్గర ఉంది. దాన్ని మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్నాం. చుక్కి చెవి కొరికితే అది ఒక్కసారి గుర్రుమని పక్కకి జరిగింది. చుక్కి వెంటనే వెల్లకిలా పడింది, రెండోసారి మెల్లగా పట్టుకుంది. నేను నెలన్నరగా "అబ్బా" అని అరిచి నేర్పలేకపోయింది అది క్షణంలో నేర్పింది. క్లాసు తప్పనిసరి అని నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది.

క్లాసు ఎప్పుడన్న ప్రశ్నకి ట్రైనర్ గారు నాకు అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ (జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం) 2008లో విడుదల చేసిన ప్రకటన గురించి చెప్పారు. 7, 8 వారాల వయసు నుంచే పప్పీలని క్లాసులకి తీసుకెళ్లొచ్చని, కనీసం మొదటి విడత టీకాలు క్లాసుకి 7 రోజుల ముందే పడి ఉండాలని, ఒకసారి నులిపురుగుల మందు కూడా వేసి ఉండాలని అందులో ఉంది. మూడేళ్లలోపు కుక్కలు అంటురోగాలకన్నా ఎక్కువగా ప్రవర్తన సమస్యల వల్లే ప్రాణాలు పోగొట్టుకుంటున్నాయని కూడా ఉంది. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. కరుస్తుందని, భయపడుతుందని వదిలేసిన కుక్కలన్నీ ఒకప్పుడు చుక్కిలాంటి పిల్లలే కదా. ఆ ప్రకటనని మా వెట్ డాక్టర్‌కి చూపించాను. ఆయన మా చుట్టుపక్కల పార్వో పరిస్థితి చూసుకుని, శుభ్రంగా ఉండే చోటైతే వెళ్లొచ్చన్నారు. మొదట మేము అడిగిన చోటు కాకుండా, ప్రతి పిల్ల టీకా కార్డు చూసి లోపలికి రానిచ్చే, క్లాసుకీ క్లాసుకీ మధ్య నేల క్రిమిసంహారకంతో తుడిచే చోటు ఒకటి వెతుక్కున్నాం. ఆరు వారాల ప్యాకేజీ ముగిసే సమయానికి అక్కడ చేర్పించాం.

ఈ ప్యాకేజీ ఎవరికి పనికొస్తుందని నన్ను అడిగితే, మొదటిసారి కుక్కని పెంచుతున్నవాళ్లకి, ఇంట్లో భయపడే పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉన్నవాళ్లకి తప్పకుండా. కుక్కపిల్లని తీసుకురాక ముందే బుక్ చేసుకోండి. చుక్కి వచ్చిన నాలుగు రోజులకి నేను ఫోన్ చేశాను, మొదటి విజిట్ దొరికేసరికి ఇంకో ఐదు రోజులు పోయాయి. ఆ తొమ్మిది రోజులు నాకు ఇప్పటికీ బాధే. ఇంట్లో రోజూ చేసే ఓపిక లేకపోతే మాత్రం తీసుకోవద్దు. ఆవిడ ఆరు వారాల్లో మా ఇంట్లో ఉన్నది ఐదున్నర గంటలు కూడా లేదు, మిగతాదంతా మేమే చెయ్యాలి. మేము రోజుకి ఐదారుసార్లు, ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు చేశాం. అంతకన్నా ఎక్కువసేపు ఆ వయసు పిల్ల మనసు పెట్టలేదు.

క్లాసు మొదటి రోజు ఆరు పిల్లలు వచ్చాయి. తలుపు తియ్యగానే ఒక నల్లటి పిల్ల గట్టిగా మొరిగింది. చుక్కి నా కాళ్ల వెనక్కి వచ్చేసింది. నేను ఎత్తుకోలేదు, ముందుకి తొయ్యలేదు. రెండు అడుగులు వెనక్కి వేసి ఆగాను. అది కాసేపు ఆ పిల్లని చూసింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. క్లిక్ చేశాను, ట్రీట్ తింది. మూడో ట్రీట్ తర్వాత మెడ చాచి, వెనక కాళ్లు అక్కడే ఉంచి, సాగి సాగి ఆ నల్లపిల్ల వాసన చూడబోయింది. బయట వాన మొదలై ఎవరో లోపలికి వస్తూ గుమ్మంలో తడి గొడుగు దులిపారు. చుక్కి అటు తిరిగి కూడా చూడలేదు.